పచ్చబారిన చెరువు నీటిలో క్లోరిన్ బలం ఎందుకు తగ్గుతుంది?

కృష్ణా, గోదావరి డెల్టాల్లో వేసవికి కాలువలు కట్టేసేముందు మంచినీటి చెరువులను నింపి పెట్టుకోవడం ఏటా జరిగే పని. అధికారుల కాగితాల్లో ‘సమ్మర్ స్టోరేజ్ ట్యాంకులు’గా కనిపించే ఈ చెరువుల నీరే, కాలువలకు మళ్లీ నీరు వదిలేదాకా చుట్టుపక్కల ఊళ్లకు దిక్కు. కదలిక లేని నీటి మీద వారాల తరబడి ఎండ కాస్తుంది. పొలాల నుంచి, ఊళ్ల మురుగు నుంచి కాలువ వెంట కొట్టుకొచ్చిన నత్రజని, భాస్వరం ఆ నీటిలో అప్పటికే కలిసి ఉంటాయి. ఇన్ని అనుకూలతలున్న చోట నాచు పెరగకపోతేనే ఆశ్చర్యపడాలి. ఏప్రిల్ ముగిసేసరికి చాలా చెరువుల్లో నీరు లేతాకుపచ్చకు తిరుగుతుంది, కొన్నింటిలో గాలివాటు గట్టున చిక్కటి తెట్టు కడుతుంది.

నీరు పచ్చబడిందని గుర్తించగానే ఎక్కువచోట్ల మొదట చేసే పని బ్లీచింగ్ పౌడర్ మోతాదు పెంచడం. క్లోరిన్ సూక్ష్మజీవులను చంపుతుంది, నాచు కూడా సూక్ష్మజీవే, కాబట్టి ఎక్కువ నాచుకు ఎక్కువ క్లోరిన్ అన్న తర్కం పైకి సబబుగానే కనిపిస్తుంది. లోపం ఎక్కడుందంటే, నాచును క్లోరిన్ చంపవలసిన మరొక క్రిమిగా మాత్రమే చూడటంలో ఉంది. నాచు తాను పెరుగుతూ నీటి రసాయన స్వభావాన్నే మార్చేస్తుంది, క్లోరిన్‌ను తినేస్తుంది, క్లోరిన్ కంటే ముందు పనిచేయవలసిన పటికనూ ఇసుకనూ దెబ్బతీస్తుంది, కొన్ని సందర్భాల్లో చచ్చిపోతూ విషాన్ని వదులుతుంది. అందువల్ల నాచు పట్టిన నీటిలో క్రిమిసంహారం ఎంత బాగా జరుగుతుందన్నది క్లోరిన్ మోతాదు మీద కంటే, ఆ క్లోరిన్ కలిపే చోటికి నీరు ఏ స్థితిలో చేరుతుందన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది.

వీటిలో అందరి కంటా తక్కువగా పడేది పీహెచ్ సంగతి, అంటే నీరు ఎంత ఆమ్లమో ఎంత క్షారమో చెప్పే అంకె (అది పెరిగేకొద్దీ నీరు క్షారం), కాబట్టి దాన్నే ముందుగా వివరంగా చూడాలి. పగటిపూట నాచు సూర్యరశ్మితో ఆహారం తయారు చేసుకుంటూ నీటిలోని కార్బన్ డయాక్సైడ్‌ను లాగేస్తుంది. అది అయిపోతే బైకార్బొనేట్ నుంచి కూడా కార్బన్‌ను తీసుకుంటుంది. ఆమ్లగుణం కలిగించే వాయువు తగ్గిపోయేసరికి నీరు క్షారంవైపు జరుగుతుంది. దట్టంగా నాచు పట్టిన చెరువులో పీహెచ్ సాయంత్రం వేళకు 9 దాటడం, ఒక్కోసారి 10 దాకా వెళ్లడం అసాధారణమేమీ కాదు. రాత్రి ఎండ లేనప్పుడు ఇదే నాచు శ్వాసిస్తూ కార్బన్ డయాక్సైడ్‌ను తిరిగి నీటిలోకి వదులుతుంది, దానితో తెల్లవారేసరికి పీహెచ్ మళ్లీ దిగివస్తుంది. ఒకే చెరువులో, ఒకే రోజులో, ఉదయపు నీరూ సాయంత్రపు నీరూ రసాయనికంగా రెండు వేరు వేరు నీళ్లలా ప్రవర్తిస్తాయి.

దీనికీ క్లోరిన్‌కూ సంబంధం ఇలా ఉంటుంది. క్లోరిన్ వాయువు కలిపినా, బ్లీచింగ్ పౌడర్ కలిపినా నీటిలో పనిచేసేది ముఖ్యంగా హైపోక్లోరస్ ఆమ్లం. దానిలో కొంత భాగం విడిపోయి హైపోక్లోరైట్ అయాన్‌గా మారుతుంది. ఈ రెండింటినీ కలిపే ఫ్రీ క్లోరిన్ అంటారు, పరీక్ష చేసినప్పుడు రెండూ ఒకే అంకెలో కలిసిపోయి కనిపిస్తాయి. కానీ సూక్ష్మజీవులను చంపే శక్తిలో వాటి మధ్య తేడా చాలా పెద్దది. విద్యుదావేశం లేని హైపోక్లోరస్ ఆమ్లం బ్యాక్టీరియా పైపొరను దాటి సులువుగా లోపలికి చొరబడుతుంది. రుణావేశం ఉన్న హైపోక్లోరైట్‌ను, అదే రుణావేశం ఉన్న ఆ పైపొర నెట్టివేస్తుంది. అందుకే మొదటిది రెండవదాని కంటే పదుల రెట్లు చురుకైన క్రిమిసంహారి. 25 డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద పీహెచ్ 7 ఉన్న నీటిలో ఫ్రీ క్లోరిన్‌లో నూటికి 78 వంతుల దాకా హైపోక్లోరస్ ఆమ్లంగా ఉంటుంది. పీహెచ్ 8కి చేరితే అది సుమారు 26 వంతులకు, 8.5 వద్ద 10 వంతులకు, 9 వద్ద 3 వంతులకు పడిపోతుంది. పరీక్షలో కనిపించే అంకె మాత్రం ఎక్కడా మారదు. లీటరుకు 0.5 మిల్లీగ్రాములని ఉదయం చూపిన రంగే సాయంత్రమూ చూపిస్తుంది, కానీ ఆ నీటిలో పనిచేసే క్లోరిన్ ఉదయం ఉన్నంతలో చిన్న భాగం మాత్రమే అయివుంటుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ క్లోరినేషన్ గురించి చెప్పేటప్పుడు మూడు షరతులను కలిపే చెబుతుంది: నీటితో క్లోరిన్ కనీసం 30 నిమిషాలు కలిసి ఉండాలి, ఆ తర్వాత లీటరుకు 0.5 మిల్లీగ్రాముల ఫ్రీ క్లోరిన్ మిగలాలి, పీహెచ్ 8 కంటే తక్కువ ఉండాలి. మన దగ్గర మొదటి రెండింటి ప్రస్తావన తరచుగా వినిపిస్తుంది, మూడవది మరుగున పడుతుంది. భారత ప్రమాణాల సంస్థ తాగునీటికి 6.5 నుంచి 8.5 వరకు పీహెచ్‌ను అనుమతిస్తుంది. అంటే ఆ పైహద్దు దగ్గర ఉన్న నీరు ప్రమాణాన్ని నిలబెట్టుకుంటూనే క్లోరిన్ శక్తిలో అధిక భాగాన్ని పోగొట్టుకుంటుంది. విరేచనాలు కలిగించే జియార్డియా వంటి మొండి జీవుల విషయంలో ఈ తేడా మరింత భారంగా ఉంటుంది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ పట్టికల ప్రకారం పీహెచ్ 7 నుంచి 9కి పెరిగితే జియార్డియాను అదే స్థాయిలో అదుపు చేయడానికి కావలసిన క్లోరిన్, సమయాల లబ్ధం దాదాపు రెట్టింపవుతుంది.

బ్లీచింగ్ పౌడర్‌తో మరో చిక్కుంది. అది సున్నంతో తయారయ్యేది కావడం వల్ల దాని ద్రావణం క్షారగుణం కలిగి ఉంటుంది. మామూలు నీటిలో, మామూలు మోతాదులో ఇది పట్టించుకోదగ్గ విషయం కాదు. నాచు వల్ల అప్పటికే పీహెచ్ ఎక్కిపోయి, మోతాదు కూడా రెండు మూడింతలు చేసిన నీటిలో మాత్రం మందు తన బలాన్ని తానే ఇంకొంత తగ్గించుకునే దిశలో పనిచేస్తుంది. క్లోరిన్ వాయువు ఇందుకు విరుద్ధంగా నీటి పీహెచ్‌ను కొద్దిగా దించుతుంది. అయితే సిలిండర్లు, లీకేజీ భద్రత, శిక్షణ కావలసిన ఆ పద్ధతి పట్టణాల శుద్ధి కేంద్రాలకే వీలవుతుంది.

ఇక క్లోరిన్ ఖర్చయిపోవడం గురించి. నీటిలో కలిపిన క్లోరిన్ ముందుగా తనతో చర్య జరిపే ప్రతి పదార్థంతోనూ చర్య జరుపుతుంది, ఆ తర్వాతే మిగులు క్లోరిన్ అనేది కనిపిస్తుంది. నాచు కణాలు, అవి బతికుండగా నీటిలోకి వదిలే చక్కెరలు, ప్రొటీన్లు, చచ్చి కుళ్లేటప్పుడు వచ్చే అమోనియా అన్నీ క్లోరిన్‌ను లాక్కుంటాయి. ఉదాహరణకు లీటరుకు 2 మిల్లీగ్రాములు కలిపే చోట, తేటనీరు అందులో 0.5 వాడుకుంటే 1.5 మిగులుతుంది. అదే మోతాదును లీటరుకు 2.5 మిల్లీగ్రాములు వాడుకునే పచ్చనీటిలో కలిపితే ఏమీ మిగలదు. దీనికి తోడు మందు నాణ్యత. తాజా బ్లీచింగ్ పౌడర్‌లో నూటికి 33 వంతుల దాకా క్లోరిన్ ఉంటుంది. లక్ష లీటర్ల నీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము చొప్పున కలపాలంటే 100 గ్రాముల క్లోరిన్, అంటే 300 గ్రాముల తాజా పౌడర్ కావాలి. మూత సరిగా లేని సంచిలో, రేకుల గదిలో, వేసవి వేడికి నెలల తరబడి ఉన్న పౌడర్‌లో బలం 20 వంతులకు దిగితే అదే పనికి 500 గ్రాములు అవసరం. నీటికి క్లోరిన్ అక్కర బాగా పెరిగే కాలమూ, మందు బలం త్వరగా తగ్గే కాలమూ మన వాతావరణంలో ఒక్కటే.

మిగులు క్లోరిన్‌ను కొలిచే తీరులోనూ నాచు మనల్ని తప్పుదారి పట్టించగలదు, అన్నింటికంటే ప్రమాదకరమైన సంగతి బహుశా ఇదే. పల్లె పథకాల్లో చాలాకాలంగా వాడుతున్న క్లోరోస్కోప్‌లో నీటి నమూనాకు ఆర్థోటాలిడిన్ చుక్కలు కలిపి, వచ్చిన పసుపు రంగును పక్కనున్న రంగులతో పోల్చి చూస్తారు. ఆ పసుపు ఫ్రీ క్లోరిన్‌తో వెంటనే వస్తుంది. అమోనియాతోనూ ప్రొటీన్లలోని నత్రజనితోనూ కలిసిపోయిన క్లోరిన్‌తో కూడా కాస్త ఆలస్యంగా అదే పసుపు వస్తుంది. ఇలా కలిసిపోయిన క్లోరిన్‌కు, ముఖ్యంగా సేంద్రియ నత్రజనితో కలిసినదానికి, క్రిములను చంపే శక్తి చాలా తక్కువ. నాచు కణం ప్రొటీన్లతో నిండినది కాబట్టి పచ్చనీటిలో ఈ రకం క్లోరిన్ ఎక్కువగా తయారవుతుంది. చుక్కలు వేసి ఐదు నిమిషాలాగి రంగు చూసే అలవాటున్న చోట రిజిస్టరులో చక్కటి అంకె పడుతుంది, కుళాయి నీటిలో మాత్రం రక్షణ ఉండదు. డీపీడీ మాత్రలతో చేసే పరీక్షలో ఫ్రీ క్లోరిన్‌నూ మొత్తం క్లోరిన్‌నూ విడివిడిగా చూసే వీలుంది. ఈ రెండు అంకెల మధ్య తేడా పెరుగుతూ పోతుంటే నాచు, మురుగు, లేదా రెండూ నీటిలో చేరుతున్నాయన్నదానికి అది తొలి ఆనవాలు.

నాచు తినేసినంత క్లోరిన్‌ను మళ్లీ కలిపితే సరిపోదా అన్న ప్రశ్న సహజం. కొంతవరకు సరిపోతుంది, కానీ దానికి వేరే మూల్యం ఉంది. 1974లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో నీటిశుద్ధి రసాయన శాస్త్రవేత్త యోహానెస్ రూక్ ఒక విషయం బయటపెట్టాడు. నీటిలో సహజంగా ఉండే సేంద్రియ పదార్థాలతో క్లోరిన్ చర్య జరిపి క్లోరోఫామ్, దాని కుటుంబానికి చెందిన ఇతర పదార్థాలు పుట్టిస్తుందని, అవి శుద్ధి చేసిన నీటిలోనే ఉంటాయని ఆయన చూపాడు. వీటినే ట్రైహాలోమీథేన్లు అంటారు. దీర్ఘకాలం తాగితే క్యాన్సర్ ముప్పు ఉండవచ్చన్న అనుమానంతో దేశాలు వీటికి హద్దులు పెట్టాయి. అమెరికాలో వీటిలోని ముఖ్యమైన నాలుగింటి మొత్తానికి లీటరుకు 80 మైక్రోగ్రాములు హద్దు కాగా, భారత ప్రమాణంలో ఒక్కోదానికి వేరు వేరుగా హద్దులున్నాయి. కుళ్లిన ఆకులు, నేల నుంచి వచ్చే పదార్థాల్లాగే నాచు కణాలూ, అవి వదిలే పదార్థాలూ వీటికి ముడిసరుకే. పీహెచ్ ఎక్కువగా ఉండటం, నీరు వెచ్చగా ఉండటం, క్లోరిన్ ఎక్కువసేపు కలిసి ఉండటం అన్నీ వీటిని పెంచేవే, పచ్చబారిన వేసవి చెరువులో ఇవన్నీ కలిసే ఉంటాయి.

ఈ మాట చెప్పినప్పుడు వెంటనే మరో మాట కూడా చెప్పాలి. ట్రైహాలోమీథేన్ల భయంతో క్లోరిన్ తగ్గించడం ఏ పరిస్థితిలోనూ సరైన నిర్ణయం కాదు. వాటి ముప్పు ఏళ్లమీద లెక్కకు వచ్చేది, అదీ స్వల్పం. కలుషిత నీటి వల్ల వచ్చే అతిసారం, కలరా, టైఫాయిడ్, కామెర్లు ఒక్క వారంలో ఊరినంతా పడకేయగలవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఉప ఉత్పన్నాలను తగ్గించే ప్రయత్నంలో క్రిమిసంహారంతో రాజీపడవద్దనే అంటుంది. తగ్గించవలసింది క్లోరిన్ కలవకముందు నీటిలో ఉన్న నాచు సరుకును.

అక్కడికి వస్తే పటిక, ఇసుకల పని ముందుకొస్తుంది. పెద్ద కేంద్రాల్లో పటిక వేసినప్పుడు అల్యూమినియం హైడ్రాక్సైడ్ గడ్డలు కట్టి, మట్టినీ క్రిములనూ తనతో కూడగట్టుకుని అడుగుకు దిగుతుంది. ఇది 6 నుంచి 7.5 మధ్య పీహెచ్‌లో బాగా జరుగుతుంది. 8.5 దాటాక అల్యూమినియం గడ్డకట్టే బదులు నీటిలో కరిగిపోతుంది. నాచు కణాలు కూడా మట్టి రేణువుల్లాంటివి కావు. అవి తేలికైనవి, కొన్నింటిలో గాలి బుడగలుంటాయి, కొన్ని స్వయంగా ఈదగలవు. మామూలు మోతాదు పటికకు అవి లొంగవు. లొంగనివి ఫిల్టర్ బెడ్‌ల మీదికి చేరతాయి. గాజులాంటి సిలికా గోడలున్న డయాటమ్‌లు అనే నాచు రకాలు ఇసుక పైభాగాన్ని పొరలా మూసేస్తాయి, దానితో రోజుకొకసారి కడిగే ఫిల్టర్‌ను కొన్ని గంటలకే కడగవలసి వస్తుంది. అలా కడగడానికి శుద్ధి చేసిన నీరే ఖర్చవుతుంది. ఊరికి నీళ్లు చాలని వేసవిలో ఇది చిన్న నష్టం కాదు.

మన పల్లె పథకాల్లో సమ్మర్ స్టోరేజ్ ట్యాంకు వెనుక తరచుగా ఉండేది స్లో శాండ్ ఫిల్టర్. గంటకు పది ఇరవై సెంటీమీటర్ల వేగంతో నీరు కిందికి దిగే ఈ ఇసుక మడిలో అసలు పని చేసేది ఇసుక పైన పట్టే పలుచని జీవపొర. బ్యాక్టీరియా, ప్రొటోజోవా, కొంత నాచు కూడా కలిసివుండే ఆ పొరే రోగక్రిములను పట్టి తినేస్తుంది. అంటే కొద్దిపాటి నాచు ఇక్కడ మిత్రుడే. కానీ చెరువు పచ్చబడితే పొర మందమై నీరు దిగడం మానేస్తుంది, పైపొరను సెంటీమీటరో రెండో గీకి తీసేయాలి, తిరిగి ఆ జీవపొర కుదురుకోవడానికి రోజులు పడుతుంది. ఆ రోజుల్లో ఫిల్టర్ నుంచి వచ్చే నీరు పైకి తేటగా ఉన్నా క్రిముల విషయంలో నమ్మదగింది కాదు. ఇలాంటి ఏర్పాటున్న చోట చెరువులోనే బ్లీచింగ్ పౌడర్ చల్లడం రెండు విధాలా చేటు. చెరువులో వేసిన క్లోరిన్ నాచుతో ఖర్చైపోతుంది, మిగిలినది ఫిల్టర్ మీదికి చేరితే ఆ జీవపొరను చంపుతుంది. స్లో శాండ్ ఫిల్టర్‌కు క్లోరిన్ కలిపిన నీరు పంపకూడదన్నది దాని నిర్వహణలో మొదటి సూత్రం. క్లోరిన్‌ను ఫిల్టర్ దాటిన తర్వాత, ఓవర్‌హెడ్ ట్యాంకుకు ముందు కలపాలి.

ఫిల్టర్ దాటి వచ్చిన నాచు ముద్దలు, వాటిని తినే చిన్న జలచరాలు తమలోనూ తమ ఒంటిమీదా బ్యాక్టీరియాను దాచుకుని క్లోరిన్‌కు అందకుండా చేస్తాయి. కలరా క్రిమి కోపెపాడ్ అనే సూక్ష్మ జలచరాల ఒంటికి అంటుకుని బతుకుతుందని అమెరికన్ సూక్ష్మజీవ శాస్త్రవేత్త రీటా కోల్‌వెల్ బృందం నిరూపించింది. నాచు పెరిగితే దాన్ని తినే కోపెపాడ్‌లూ పెరుగుతాయి. ఆ బృందమే బంగ్లాదేశ్ పల్లెల్లో పాత చీరను కనీసం నాలుగు మడతలు వేసి నీళ్లు వడగట్టుకోవడం నేర్పి చూసింది. అలా వడగట్టిన ఇళ్లలో కలరా దాదాపు సగానికి తగ్గిందని 2003లో ప్రకటించింది. బిందె మూతికి గుడ్డ కట్టి నీళ్లు పట్టే అలవాటు మన ఊళ్లలోనూ ఉండేది. అది క్లోరిన్‌కు ప్రత్యామ్నాయం కాదు, కానీ క్లోరిన్ వేసేముందు చేస్తే క్లోరిన్ పనిని తేలిక చేస్తుంది.

ఇప్పటిదాకా చెప్పినదంతా ఏ నాచుకైనా వర్తించేది. నీలి ఆకుపచ్చ నాచుగా పేరుపడిన సయనోబాక్టీరియా విషయంలో ఇంకొక అంశం చేరుతుంది, అది విషం. మైక్రోసిస్టిస్ వంటి జాతులు కాలేయాన్ని దెబ్బతీసే మైక్రోసిస్టిన్‌లను తయారుచేస్తాయి. కణం చెక్కుచెదరకుండా ఉన్నంతవరకు ఆ విషంలో ఎక్కువ భాగం కణం లోపలే ఉంటుంది. అప్పుడు దాన్ని పటికతో, ఇసుకతో కణంతో సహా తీసేయవచ్చు. కణం పగిలి విషం నీటిలో కరిగిపోయాక పటికా ఇసుకా దాన్ని ఆపలేవు. కాబట్టి నాచును చంపడం వేరు, నాచును తీసేయడం వేరు. ఈ తేడా తెలియక జరిగిన నష్టానికి ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ తీరానికి ఆవల ఉన్న పామ్ ఐలాండ్ సాక్ష్యం. 1979లో అక్కడి సోలమన్ డ్యామ్ జలాశయంలో నాచు పెరిగి నీరు వాసన వస్తోందని మైలుతుత్తం వేశారు. నాచు చచ్చింది. కొద్ది రోజుల్లోనే 148 మంది కాలేయ వాపుతో, వాంతులతో, విరేచనాలతో ఆస్పత్రి పాలయ్యారు, వారిలో అత్యధికులు ఆదివాసీ పిల్లలు. సిలిండ్రోస్పెర్మాప్సిస్ జాతి నాచు పగిలి వదిలిన విషమే కారణమని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. నాచు విషం నీటిలో ఎంత ప్రమాదకరమో 1996లో బ్రెజిల్‌లోని కరువారు పట్టణం ఇంకా దారుణంగా చూపించింది. అక్కడి డయాలసిస్ కేంద్రానికి సరిగా శుద్ధి కాని జలాశయపు నీరు చేరి, మైక్రోసిస్టిన్ నేరుగా రక్తంలోకి వెళ్లడంతో 50 మందికి పైగా రోగులు మరణించారు.

పంపుసెట్టు దగ్గరే క్లోరిన్ కలిపే ప్రీక్లోరినేషన్ పద్ధతి నాచు ఉన్న నీటిలో ఎందుకు ఆలోచించి చేయవలసిందో ఇక్కడ అర్థమవుతుంది. పైపుల్లో పాచి పట్టకుండా, పటిక మరింత బాగా పనిచేసేలా అది ఉపకరిస్తుందన్నది నిజమే. కానీ విషపు నాచు దట్టంగా ఉన్నప్పుడు అదే క్లోరిన్ కణాలను చీల్చి విషాన్ని నీటిలోకి విడుదల చేస్తుంది, ఆపైన కణాల లోపలి సరుకంతా ట్రైహాలోమీథేన్లకు ముడిసరుకుగా మారుతుంది. కణాలను ముందు తొలగించి, తేటనీటిలో క్లోరిన్ కలిపితే కథ వేరు. పీహెచ్ 8 లోపు ఉంటే, అరగంట తర్వాత కూడా లీటరుకు 0.5 మిల్లీగ్రాముల ఫ్రీ క్లోరిన్ మిగిలితే, నీటిలో కరిగివున్న కొద్దిపాటి మైక్రోసిస్టిన్‌ను క్లోరిన్ బాగానే ఛేదిస్తుంది. పీహెచ్ పెరిగితే ఇక్కడా దాని శక్తి పడిపోతుంది. అమోనియాతో కలిపి వాడే క్లోరమిన్‌కు ఈ శక్తి దాదాపు లేదు, నాడీ వ్యవస్థను దెబ్బతీసే అనటాక్సిన్ అనే మరో విషం మీద మామూలు క్లోరిన్ కూడా పెద్దగా పనిచేయదు.

అమెరికాలో ఒహైయో రాష్ట్రంలోని టొలీడో నగరం ఈ సమస్య పేదదేశాలదో చిన్న ఊళ్లదో కాదని తెలియజెప్పింది. ఈరీ సరస్సు పశ్చిమ భాగం నుంచి నీరు తీసుకునే ఆ నగరానికి పటిక, వడపోత, క్లోరిన్ అన్నీ ఉన్నాయి. 2014 ఆగస్టు 2 తెల్లవారుజామున, శుద్ధి చేసిన నీటిలోనే మైక్రోసిస్టిన్ లీటరుకు ఒక మైక్రోగ్రాము హద్దును దాటిందని తేలడంతో, నాలుగు లక్షల మందికి పైగా ప్రజలను కుళాయి నీరు తాగవద్దని హెచ్చరించారు. మరిగించి కూడా వాడవద్దన్నారు. మైక్రోసిస్టిన్ మరిగినా చెడదు, పైగా నీరు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీటిలో చిక్కబడుతుంది. కలుషిత నీరంటే కాచి చల్లార్చడమే పరిష్కారమని తరతరాలుగా నేర్చుకున్నవారికి ఈ ఒక్క సందర్భంలో ఆ జాగ్రత్త పనికిరాదని చెప్పడం ఎంత కష్టమో ఊహించవచ్చు. ఆగస్టు 4న ఆంక్ష తొలగించారు. ఆ రోజుల్లో గాలులు నాచును నీరు తోడే చోటికే నెట్టాయి. నాచు కణాలకు వైరస్ సోకి అవి పగలడం వల్ల విషం ఎక్కువగా కరిగిన రూపంలో శుద్ధి కేంద్రానికి చేరి ఉండవచ్చని తర్వాత పరిశోధకులు సూచించారు. ఆ సరస్సులో కలిసే మౌమీ నది పొలాల నుంచి మోసుకొచ్చే భాస్వరమే ఆ నాచుకు మూలాధారం. అమెరికా, కెనడా 1972లోనే ఒప్పందం చేసుకుని మురుగు ద్వారా సరస్సులోకి చేరే భాస్వరాన్ని తగ్గించి నాచును అదుపు చేశాయి. ఈ శతాబ్దంలో పొలాల నుంచి కరిగి వచ్చే భాస్వరంతో అది తిరిగి వచ్చింది.

వాసన సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నాచు, కొన్ని మట్టి బ్యాక్టీరియా తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థం లీటరుకు పది నానోగ్రాములున్నా మట్టి వాసనగా మనిషి ముక్కుకు తెలుస్తుంది. అది హానికరం కాదు, క్లోరిన్‌కు లొంగదు. వాసన పోగొట్టాలని క్లోరిన్ పెంచితే రెండు వాసనలూ కలిసి మరింత చెడుతుంది. దీని ఆరోగ్య ఫలితం పరోక్షమైనా తీవ్రమైనది. కుళాయి నీరు వాసనేస్తోందని జనం పరీక్షలు లేని బోరుకో పక్క చెరువుకో వెళ్తారు, శుద్ధి చేసిన నీటి కంటే ప్రమాదకరమైన నీటిని మేలనుకుని తాగుతారు. ఈ వాసనకు పనికొచ్చేది ఉత్తేజిత బొగ్గు పొడి, దాన్ని పటికకు ముందు కలిపితే కరిగిన మైక్రోసిస్టిన్‌ను కూడా చాలావరకు పీల్చుకుంటుంది. క్లోరిన్‌ను దానితోపాటే కలిపితే మాత్రం బొగ్గు క్లోరిన్‌ను తినేస్తుంది, రెండూ వృథా అవుతాయి.

అలాంటప్పుడు పచ్చనీరు వచ్చిన శుద్ధి కేంద్రం ఏ క్రమంలో కదలాలన్నది పైవాటినుంచే తెలుస్తుంది. తెట్టు పైన తేలుతుంది కాబట్టి వీలైతే నీరు తోడే గొట్టాన్ని పైపొరకు దిగువకు దించాలి, అయితే అడుగుకు మరీ దగ్గరైతే ఆక్సిజన్ లేని, ఇనుము, మాంగనీసు కరిగిన నీరు వస్తుంది. ప్రీక్లోరినేషన్ ఆపి, పటిక మోతాదును జార్ టెస్ట్‌తో, అంటే జాడీల్లో వేరు వేరు మోతాదులు వేసి చూసే పరీక్షతో, తాజాగా నిర్ణయించుకోవాలి. పీహెచ్ 8 పైన ఉంటే ఆమ్లంతో గానీ కార్బన్ డయాక్సైడ్‌తో గానీ దించాలి. చిన్న పథకాల్లో ఆ సదుపాయం ఉండదు కాబట్టి, సాయంత్రం కాకుండా పీహెచ్ తక్కువగా ఉండే తెల్లవారుజామున చెరువు నీటిని తోడి ఫిల్టర్‌కు పంపడం ఖర్చులేని ఉపాయం. ఏ శుద్ధి కేంద్రమైనా మిగులు క్లోరిన్ అంకె పక్కన పీహెచ్ అంకెను, నమూనా తీసిన గంటను రాయకపోతే ఆ రిజిస్టరు సగమే చెప్పినట్టు. ఉదయం పది గంటల నమూనాతోనే సరిపెట్టే అలవాటున్న చోట పగటి పెరుగుదల ఎన్నటికీ కాగితం మీదికి రాదు. ఓవర్‌హెడ్ ట్యాంకు దగ్గరి అంకెతో పాటు వీధి చివరి కుళాయి దగ్గరి అంకె కూడా కావాలి, ఎందుకంటే నాచు నుంచి మిగిలిన తేలిక సేంద్రియ పదార్థం పైపుల లోపలి పాచికి ఆహారమై, దారిలోనే క్లోరిన్‌ను తినేస్తూ పోతుంది.

సమ్మర్ స్టోరేజ్ ట్యాంకుల విషయంలో మిగతావాటి కంటే ఎక్కువ ఫలితమిచ్చే పని క్లోరిన్‌కు ఎంతో దూరంలో ఉంది. ఏళ్ల తరబడి అడుగున పేరుకున్న బురదలో భాస్వరం నిల్వ ఉంటుంది, వేసవిలో అడుగు నీటిలో ఆక్సిజన్ తగ్గగానే అది తిరిగి నీటిలోకి వస్తుంది. కాలువ నుంచి కొత్తగా ఎంత శుభ్రమైన నీరు నింపినా, ఆ పాత బురద మళ్లీ నాచును పెంచుతుంది. పూడిక తీయాలంటే చెరువు దాదాపు ఖాళీ కావాలి, అది జరిగేది కాలువకు నీరు వదలడానికి ముందు మిగిలే కొద్ది రోజుల్లోనే. చెరువును రెండు భాగాలుగా కట్టినచోట ఒకదానిలో నీరు వాడుతూ రెండోదానిలో పూడిక తీయవచ్చు. ఒకటే భాగం ఉన్నచోట ఆ కొద్ది రోజులకు ముందే యంత్రాలనూ నిధులనూ సిద్ధం చేసుకోవాలి, లేకపోతే ఆ బురద మీదనే మళ్లీ నీరు నిండుతుంది.